గవ్వల లెక్క

సంభావ్యత యను మాట వినుటకు పెద్దది; దాని వస్తువు మాత్రము మన వీధియరుగులమీదనే యున్నది. నాలుగు గవ్వలను గుప్పిట బట్టి గలగలలాడించి నేలపై విడిచి, అష్టా పడునో చెమ్మా పడునో యని ఊపిరి బిగబట్టి చూచిన ప్రతి బాలికయు ఈ శాస్త్రపు గుమ్మము త్రొక్కినదే. పాఠ్యపుస్తకములో ఈ యధ్యాయము తఱచుగా కడపటి పుటలలో నుండును. అందుచే పరీక్షలు దగ్గఱపడిన దినములలో, నాణెమునకు సగము, పాచికకు ఆఱవవంతు అను రెండు భిన్నములు వల్లింపజేసి దీనిని ముగించుట గలదు. నాకు మాత్రము గవ్వలు లేక ఈ పాఠము చెప్పుట రుచింపదు.

కారణ మేమనగా, నాణెమును గుఱించి పిల్లలకు ముందే తెలిసియున్నది. ఇంటివద్ద నూఱుమాఱులు ఎగురవేసి బొమ్మలెన్నియో వ్రాసికొని రమ్మనినచో, కొందఱు నాణెమును జేబులోనుండి తీయనే తీయరు. 50 అని వ్రాసిన అనుమానము కలుగునని యెంచి, తెలివిగా 49 అనియో 52 అనియో వ్రాసి తెత్తురు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. జవాబు ముందే యిచ్చి ప్రశ్న నడిగినప్పుడు ఎవరు శ్రమపడుదురు? గవ్వ అట్టిది కాదు. దాని వీపు ఉబ్బుగా నుండును. నోటివైపు చదునుగా నుండి నడుమ పండ్లవంటి నొక్కులతో చీలియుండును. ఈ రెండు వైపులకు పోలిక లేదు. నేలబడినప్పుడు వెల్లకిల పడి నోరు చూపునో, బోరగిల పడి వీపు చూపునో ఏ సూత్రమును ముందుగా చెప్పజాలదు. వేసి చూడవలసినదే.

ఎన్నిమాఱులు వేసితిమో దానిని క్రింద వ్రాసి, కోరినది ఎన్నిమాఱులు పడెనో పైన వ్రాసిన భిన్నమునకు ప్రాయోగిక సంభావ్యత యని పేరు. ఇంతకంటె సులభమైన సూత్రము గణితమున లేదు. కష్టమంతయు లెక్కపెట్టుటలోనే యున్నది.

మా తరగతిలో ఈ పని రెండు పీరియడ్లు పట్టును. బల్లలు గోడకు జరిపి, నలుగురైదుగురు గుంపులుగా నేలమీద కూర్చుందురు. ఒకరు వేయుదురు, ఒకరు చెప్పుదురు, ఒకరు గీతలు గీయుదురు. మిగిలినవారు గీత తప్పిపోకుండ కాపలా. మొదటి పది వేతలలో ఏ రెండు గుంపుల యంకెలును కలియవు. ఒక గుంపున గవ్వ పదింట ఎనిమిదిమాఱులు బోరగిలినది, ప్రక్క గుంపున నాలుగుమాఱులే. ‘మీ గవ్వ దొంగగవ్వ’ యని ఒకరి నొకరు నిందించుకొనుట మొదలగును. గవ్వలు మార్చి చూతురు, నిందలును మాఱును. తుదకు అందఱి గీతలను నల్లబల్లమీద కూడినప్పుడు మా గవ్వలకు వచ్చిన భిన్నము, బోరగిల పడుటకు ఐదింట మూడుపాళ్లకు దాపుగా నిలిచినది. ఇది మా గవ్వల మాటయే సుమా! వీపు అరగదీసిన గవ్వలకు వేఱొక భిన్నము వచ్చును. ఒకవైపు బండపై రుద్ది తెలుపు చేసిన చింతపిక్కలకు మఱియొకటి వచ్చును. చదువరులు తమ యింటి గవ్వలనే వేసి చూడవలయును.

భిన్నము దొరికిన తరువాత దానితో ముందునకు పోవచ్చును. అట్టి గవ్వను 250 మాఱులు వేసిన ఎన్నిమాఱులు వెల్లకిల పడునని యెదురుచూడవచ్చును? ఐదింట రెండుపాళ్లు గనుక 100 మాఱులు. పరీక్షలో నడుగు ప్రశ్న యింతమాత్రమే. కాని అష్టాచెమ్మా ఆడు పిల్లలకు ఇంతతో తృప్తి కలుగదు. నాలుగు గవ్వలు కలిసి పడినప్పుడు పందెమెంతయో వారికి కావలయును.

ఆట నెఱుగనివారికై చెప్పుచున్నాను. నాలుగు గవ్వలలో ఒకటి వెల్లకిల పడిన ఒక గడి, రెండు పడిన రెండు, మూడు పడిన మూడు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, అనగా నాలుగు. నాలుగును బోరగిలిన అష్టా, అనగా ఎనిమిది. గవ్వలు నాణెములవలె చెరిసగముగా పడునని మొదట అనుకొందము. అప్పుడు నాలుగు గవ్వలు పడు విధములు 16. అందు ఒకటి వెల్లకిల పడు విధములు 4, రెండు పడునవి 6, మూడు పడునవి 4, చెమ్మా 1, అష్టా 1. వీనిని గడులతో హెచ్చించి కూడిన 4, 12, 12, 4, 8, మొత్తము 40. పదునాఱిట భాగించిన రెండున్నర. వేతకు రెండున్నర గడులు ఆశింపదగిన ఫలమన్నమాట.

ఇక మా గవ్వల నిజమైన భిన్నముతో లెక్కించినప్పుడు తరగతిలో సందడి పుట్టెను. నాలుగును బోరగిలుటకు ఐదింట మూడును నాలుగుమాఱులు హెచ్చింపవలెను, 625లో 81. నాలుగును వెల్లకిల పడుటకు 625లో 16 మాత్రమే. ఒకటి పడుటకు 216, రెండు పడుటకు 216, మూడు పడుటకు 96. ఈ యంకెలను కూడిన సరిగా 625 వచ్చును. రానియెడల ఎచ్చటనో పొరబడితిమని తెలియును. అన్నిటిని గడులతో హెచ్చించి కూడిన 1,648 గడులు, అనగా వేతకు ఇంచుమించు 2.64. సగటు పెద్దగా మాఱలేదు. కాని లోపల జరిగిన మార్పు చూడుడు: చెరిసగపు గవ్వలకు అష్టాయు చెమ్మాయు పదునాఱింట ఒక్కొక్కటి; మా గవ్వలకు అష్టా ఎనిమిదింట ఒకటికి చేరువ, చెమ్మా యన్ననో ముప్పదితొమ్మిదింట ఒకటి! చెమ్మా వేసిన పిల్లవైపు తక్కినవారు అబ్బురముగా చూచుట యిందుకే కాబోలు. సగటు ఒకటియైనను ఆట ఒకటి కాదని ఆనాడు పిల్లలు తామే కనిపెట్టిరి.

‘రెండున్నర గడులు ఎప్పుడు పడును, మాస్టారూ?’ అని ఒక చిన్నవాడు అడిగెను. ఎప్పుడును పడవు. గవ్వలలో అరగడి లేదు. ఆశింపదగిన ఫలము రాబోవు వేతను గుఱించిన జోస్యము కాదు. పలు వేతలను కలిపి పంచినప్పుడు ఒక్కొక్కదానికి వచ్చు పాలు. ఐదేసి గడుల పటమున కాయ తన యింటనుండి నడిమి గడికి చేరుటకు 24 అడుగులు. కావున తొమ్మిది పది వేతలలో కాయ పండునని యెదురుచూడవచ్చును. నడుమ ఎదుటివారు చంపకున్న! ఆ చంపుటను గూడ లెక్కలోనికి తెమ్మని పెద్దపిల్లలు పట్టుబట్టిరి గాని, గంట మ్రోగి నన్ను రక్షించెను.

మా సంఘములో నొక పెద్దమనిషి యీ పాఠమును గుఱించి విని, దైవాధీనమైనదానిని లెక్కించుట తగునాయని శంకించెను. అపొస్తలుల కార్యములలో శిష్యులు ప్రార్థించి, చీట్లు వేసి మత్తీయను ఎన్నుకొన్న సంగతి ఆయన నాకంటె బాగుగ నెఱుగును. చీటి ఎవరిపేర వచ్చునో చెప్పుట ఈ శాస్త్రము పని కాదు; ఇరువురి పేళ్లున్నప్పుడు రెంటికిని సమానమైన చోటున్నదని చెప్పుటతో దీని యధికారము సరి. నలోపాఖ్యానమునందును ఇట్టి ముచ్చట గలదు. ఋతుపర్ణుడు రథముపై పోవుచు తాండ్రచెట్టును చూచి ఆకులును కాయలును ఇన్నియని చెప్పగా, బాహుకరూపముననున్న నలుడు ఆ మాట నూరక నమ్మలేదు. రథము నిలిపి, దిగి, లెక్కించి చూచెను. పాచికల మర్మము అతనికి లభించినది ఆ పిమ్మటనే. నాకు ఋతుపర్ణుని విద్యకంటె నలుడు రథము దిగుట యెక్కువ నచ్చును.

అట్లు దిగి లెక్కించినవారిలో జాన్ కెరిచ్ యను గణితోపాధ్యాయుని కథ పిల్లలకు చెప్పదగినది. ఆయన దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గున పనిచేయుచుండెను. 1940 ఏప్రిలులో డెన్మార్కు దేశమునకు తన యత్తవారిని చూడబోయి యుండగా జర్మనుసేనలు ఆ దేశమును ఆక్రమించినవి. బ్రిటిషు ప్రజ యగుటచే ఆయనను జట్లండు ప్రాంతమునందలి హాల్డ్ అను చోట నిర్బంధ శిబిరమున నుంచిరి. యుద్ధమెప్పుడు ముగియునో తెలియదు, చేయుటకు పనిలేదు. అప్పుడాయన తోడి నిర్బంధితు నొకనిని తోడుచేసికొని, ఒక నాణెమును పదివేలమాఱులు ఎగురవేసి, ప్రతిదానిని వ్రాసిపెట్టెను. ఒక మొగమున సీసము తాపిన కొయ్యబిళ్లను గూడ వేసి చూచెను. అది మన గవ్వకు చుట్టము. ఈ ప్రయోగములను 1946లో చిన్న పుస్తకముగా ప్రకటించెను.

ఆయనకు మొదటి 10 వేతలలో బొమ్మలు 4. నూటిలో 44. వెయ్యిలో 502. పదివేలలో 5,067. ఈ నాలుగంకెలను నేను ప్రతి సంవత్సరము నల్లబల్లపై వ్రాయుదును. నూటికి ఇన్నియని చూచినచో 40, 44, 50.2, 50.67. సగము చుట్టుప్రక్కలకు వచ్చి నిలిచినవి. వెయ్యిలోకంటె పదివేలలో ఇంచుక ఎడముగా నున్నవని ఒక బాలుడు పట్టుకొనెను. నిజముగా లెక్కించిన యంకెలు ఇట్లేయుండును; బద్ద పెట్టి గీచిన గీతవలె నుండవు. కాని సగమునకు ఎన్ని తక్కువ, ఎన్ని ఎక్కువ యని చూడుడు: నూటిలో 6 తక్కువ, వెయ్యిలో 2 ఎక్కువ, పదివేలలో 67 ఎక్కువ. పాళ్లు సగమునకు దగ్గఱగా వచ్చుచుండగా అంకెల యెడము పెరిగినది! ఇందులో విరోధమున్నట్లు తోచును గాని లేదు. అఱువదియేడు నూటిలో పెద్దది, పదివేలలో లెక్కకురానిది.

ఈ సంగతిని నేనింత దీర్ఘముగా చెప్పుటకు హేతువున్నది. పాఠమైన మఱునాడు ఒక బాలిక తరగతి విడిచిన తరువాత ఆగి నన్నొక ప్రశ్న అడిగెను. ఆమె పేరు వ్రాయను. ఇది వ్రాయుటకు ఆమెయు ఆమె తండ్రియు సమ్మతించిరి. ఆమె యడిగినది యిది: ‘మాస్టారూ, మూడు సంక్రాంతులనుండి మా నాన్నగారికి గుండాటలో పోవుచునేయున్నది. లెక్కప్రకారము ఈయేడు రావలెను గదా?’

రెండుమూడు నిమిషములు నేను జవాబు చెప్పలేదు. ‘రాదు’ అని చెప్పుట సులభము; అదియు నిజము కాదు, రావచ్చును. ‘జూదము పాపము’ అని చెప్పుటయు సులభము. అది ఆమె ప్రతి ఆదివారము వినుచునేయున్నది, వారి నాన్నగారును వినియున్నారు. ఆమె అడిగినది లెక్క. లెక్కయే చెప్పవలెనని కూర్చుండితిని.

ఆట నియమములు చోటుచోటున మాఱును. ఆమె చెప్పినది యిట్లున్నది. పటముపై ఆఱు గుఱుతులు, ప్రతి పాచికకు ఆఱు మొగములపై అవే గుఱుతులు, పాచికలు మూడు. ఒక గుఱుతుపై సొమ్ము పెట్టవలెను. ఆ గుఱుతు ఒక పాచికపై పడిన పెట్టినదిగాక అంతయు, రెంటిపై పడిన రెండింతలు, మూటిపై పడిన మూడింతలు వచ్చును. పడకున్న పెట్టినది పోవును. ‘పాచికలు మూడు, గుఱుతులు ఆఱు; కనుక సగము అవకాశము’ అని ఆటకాడు కేకలు వేయునట. చెవికి ఇంపుగానే యున్నది. చూతము.

మూడు పాచికలు పడు విధములు 216. మన గుఱుతు ఒక్కదానిపైనను పడని విధములు ఐదును మూడుమాఱులు హెచ్చించిన 125. ఒకదానిపై పడునవి 75. రెంటిపై 15. మూటిపై 1. ప్రతి విధము ఒక్కొక్కమాఱు వచ్చినట్లు 216 పందెములు రూపాయి చొప్పున ఆడినచో, పోవునది 125 రూపాయలు. వచ్చునది 75, రెండింతల పదునైదు 30, మూడింతల ఒకటి 3, మొత్తము 108. తేడా 17 రూపాయలు. పందెము రూపాయికి ఎనిమిది పైసలకు కొంచెము తక్కువగా ఆటకానికి చేరును. సగము అవకాశమన్నమాట బూటకము. 216లో గెలుచునవి 91 మాత్రమే.

‘ఎనిమిది పైసలేనా?’ అనెను ఆమె. పండుగ మూడు దినములు దినమునకు 200 పందెములు, పందెమునకు 50 రూపాయలు అనుకొందమంటిని. మొత్తము పెట్టినది 30,000. దానిలో 216కు 17 చొప్పున 2,361 రూపాయలు. ఎవరికిని సరిగా 2,361 పోదు. పందెములన్నియు యాబదులే గనుక అట్టి మొత్తమే రాదు. ఇది మన రెండున్నర గడులవంటిది. కాని అటువంటివారు వేయిమంది ఆడినప్పుడు ఆటకాని పెట్టెలో తలకొకటికి ఇంతకు దాపుగా చేరును. పాచికలు నిక్కమైనవైనను ఇంతే. నిక్కమగుటయు అరుదు. 1894లో ఇంగ్లండున వెల్డన్ అను శాస్త్రజ్ఞుడు పండ్రెండు పాచికలను 26,306 మాఱులు వేసి లెక్కించగా, ఐదును ఆఱును రావలసినదానికంటె 1,378 మాఱులు ఎక్కువగా వచ్చినవి. ఆయనకు వంచించు తలంపే లేదు.

ఆమె కొంతసేపు ఆలోచించి, ‘మఱి మా బాబాయి ఒకనాడు మిగుల్చుకొని వచ్చెను గదా’ యనెను. మంచి ప్రశ్న. 200 పందెములైన తరువాత లాభముతో లేచువారు ఇంచుమించు ఆఱుగురిలో నొకరుందురు. ఆ యొక్కరు ఊరంతయు చెప్పుకొందురు, ఐదుగురు చెప్పుకొనరు. 600 పందెములైన పిమ్మట లాభముననుండువారు నూటికి నలుగురు. ఆట పెరిగినకొలది వారు తగ్గిపోవుదురు. గెలిచినవాడు లేనిచో పటము చుట్టు రెండవనాడు ఎవరును చేరరు. ఎనిమిది పైసలలో ఆ యొక్కని గెలుపునకును చోటున్నది.

‘అయినను మూడేండ్లు పోయినది గదా, మాస్టారూ.’ ఆమె మొదటి ప్రశ్నను విడువలేదు. అప్పుడు కెరిచ్ యంకెలను మఱల కాగితముపై వ్రాసి చూపితిని. మొదటి నూటిలో బొమ్మలు ఆఱు తక్కువైనవి. తరువాతి తొమ్మిదివందలలో ఎనిమిది ఎక్కువ పడినవి. బాకీ వడ్డీతో తీర్చినట్లే కనబడును. అయినచో నాణెము అంతటితో ఊరకుండవలెను గదా. ఆపై తొమ్మిదివేలలో 65 ఎవరికి బాకీయుండి ఎక్కువగా నిచ్చెను? నాణెమునకు బాకీ తెలియదు, పాచికకును తెలియదు. అది పోయినయేటి సంక్రాంతి నెఱుగదు. ప్రతి వేతకు మరల 216 విధములు క్రొత్తగా లేచి నిలుచును, అందు 125 మనకు ప్రతికూలములే. చెఱువులో ఉప్పురాయి వేసినచో కొంతకాలమునకు నీరు ఉప్పగా నుండదు. ఉప్పును ఎవరో తిరిగి తీసినందున కాదు, నీరు మిక్కుటమైనందున. పోయిన ఆఱు బొమ్మలును అట్లే పోయినవి. పాళ్లు సరియగును గాని పోయినది తిరిగిరాదు. నాన్నగారికి మూడేండ్లలో పోయినది ఎంతయైనను, ఈయేడు మొదటి పందెమునాటికి ఆయన ముందున్నది మరల ఆ ఎనిమిది పైసల నష్టమే.

‘అయితే ఆడకున్న?’ అనెను.

‘పందెము సున్న, ఫలము సున్న’ అంటిని. ఆమె దానిని గూడ పట్టికలో ఒక వరుసగా వ్రాసికొనెను, నేను చెప్పలేదు. పైన నాలుగు వరుసలు, 125, 75, 15, 1, క్రింద సున్న.

తరువాత ఆ కాగితమును ఒకమాఱు చదివికొని మడచి, మఱల విప్పి, ఇంకొక తెల్లకాగితము అడిగెను. ఎందుకని యడుగగా, నాన్నగారికి కండ్లజోడు ఇంకను చేయింపలేదు, చిన్నయక్షరములు కానరావు అని చెప్పి, అంకెలను బొటనవ్రేలంతేసి లావుగా మరల మొదటినుండి వ్రాయసాగెను.